చిప్ప గట్టిపడేదాకా

వంతెన పక్కన పీతలు ఆవిరి మీద ఉడికించి పెట్టే ఆమెను చిన్నా పెద్దా అందరూ పీతల పిన్ని అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళుగా అదే రేకుల కొట్టు, అదే సొట్టల గిన్నె. ఆమె ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. పనిలో చేరిన కొత్తలో ఒక పీత కొరికేసింది. అడిగినవాళ్ళతో గురుదక్షిణ కింద ఇచ్చుకున్నానని చెబుతుంది.

కాలవ నీళ్ళ కోసం వచ్చే ఒకతనికి ఆమె పెట్టిన పేరు నీళ్ళబాబు. అతను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. వారానికోసారి వచ్చి, వంతెన మీంచి తాడు కట్టిన సీసా దించి, కాలవ నీళ్ళు పట్టుకెళ్తాడు. మా నీళ్ళు మోసుకుపోతావు గానీ ఒక్క పీతైనా రుచి చూడవేమని పిన్ని దెప్పుతూనే ఉండేది. ఆ నీళ్ళలో ఏ దోషమూ లేదు. ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా తినే ధైర్యం చాల్లేదు.

ఆ ఆదివారం పొద్దున సీసా లేకుండా, నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని వచ్చాడు. జ్వరం తగ్గి పదకొండు రోజులైనా పిల్లకు ముద్ద దిగడం లేదు. భయపడాల్సిందేమీ లేదు, తనే తింటుందన్నారు డాక్టరుగారు. ఇంట్లో మాత్రం తల్లి పాలగ్లాసు పట్టుకుని వెంటపడుతోంది. తండ్రి రోజూ పొద్దున్నే పిల్లను తూచి, ఆ అంకె క్యాలెండరు మీద రాస్తున్నాడు. అంకె కదలడం లేదు. నిన్న ఇటుగా వెళ్తుంటే పిల్ల పీతల తొట్టి వైపు వేలు చూపించి, అది తింటానంది. ఈ పదకొండు రోజుల్లో తనంతట తను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

పిన్ని అంతా విని, అయితే నువ్వే ఏరుకో అంది. కరిచే డెక్కలకు తాళ్ళు కట్టి ఉన్నాయి కాబట్టి అతను ధైర్యం చేసి, అన్నిటికంటే పెద్దదాన్ని పైకి తీశాడు. పిన్ని దాన్ని వెల్లకిలా తిప్పింది. కడుపు కడిగిన పింగాణీ గిన్నెలా తెల్లగా ఉంది. వేలితో నొక్కితే చిప్ప కాస్త లోపలికి పోయింది.

"ఇది పనికిరాదు. పాత చిప్ప వదిలి ఎక్కువ రోజులు కాలేదు. ఒళ్ళు పెరిగింది గానీ లోపలింకా నిండలేదు, అంతా నీళ్ళే. ఇలాంటప్పుడు ఇది తిండి ముట్టదు, బురదలో ఓ మూల నక్కి కూర్చుంటుంది. చిప్ప గట్టిపడనీ, అప్పుడు వద్దన్నా ఆగదు."

అతను పీతను చూడటం లేదు. గౌను చేతుల్లోంచి సన్నగా, పొడుగ్గా బయటికొచ్చిన కూతురి మణికట్లు చూస్తున్నాడు.

"గట్టిపడడానికి ఎన్ని రోజులు పడుతుంది పిన్నీ?"

"రోజూ పైకి తీసి నొక్కి చూడకపోతే తొందరగానే," అంది పిన్ని. దాన్ని మళ్ళీ నీళ్ళలో వదలడానికి వేరే బుట్టలో వేసింది.

తర్వాత మాసిన పసుపురంగు కడుపున్న చిన్న పీతను అతని అరచేతిలో పెట్టింది. చిన్నదే గానీ చెయ్యి కిందికి లాగేసింది. దాన్ని మంచునీళ్ళలో స్తబ్ధుగా అయ్యేదాకా ఉంచి, తాడు విప్పి, రసం కారిపోకుండా వెల్లకిలా గిన్నెలో పెట్టి మూత వేసింది. ఎంతసేపు ఉడకాలని అతనడిగితే వాసన చెబుతుందంది. అయినా అతను ఫోనులో పద్దెనిమిది నిమిషాలకు అలారం పెట్టుకున్నాడు. అలారం మోగేసరికి ఎర్రగా ఉడికిన పీత పళ్ళెంలోకి వచ్చేసింది.

పిన్ని చిప్ప విప్పి, తినకూడని మొప్పలు తీసేసింది. పిల్లకు పడుతుందో లేదోనని అతను గోరంత ముక్కే పెట్టించి, పావుగంట చూద్దామన్నాడు. నవ్వుతుందనుకున్నాడు గానీ పిన్ని నవ్వలేదు. చల్లారకుండా పళ్ళెం మీద మూత బోర్లించి, వాళ్ళ పక్కనే కూర్చుంది.

"మా పెద్దాడికి మొదటిసారి పెట్టినప్పుడు నేనూ ఇంతే. పొద్దుగూకేదాకా వాడి మొహమే చూస్తూ కూర్చున్నా. ఈ పిన్నికీ భయం తెలుసు నాయనా."

పావుగంట గడిచింది. పిల్ల పెదవులు మామూలుగానే ఉన్నాయి. అతను ముక్కలు వలిచి పెట్టబోతే, పిన్ని గరిటెతో అతని వేళ్ళ మీద మెల్లిగా తట్టింది. చిప్ప ముక్క గొంతుకు అడ్డం పడితేనో అన్నాడు. పక్కనే ఉన్నాం కదా, చూస్తూ ఉండు, చెయ్యి మాత్రం పెట్టకు అంది. పిల్ల తనే ఒక పీతకాలు విరిచింది, చీకింది, రాలేదు. మళ్ళీ చీకింది. తెల్లటి పోగులాంటి కండ నాలుక మీదికి వచ్చింది. దాన్ని నమిలి మింగి, ఇంకో కాలు విరిచింది. అలా మోచేతులదాకా రసం కార్చుకుంటూ కాళ్ళన్నీ అవగొట్టి, చివరికి డెక్క తండ్రి నోటి దగ్గర పెట్టింది.

"నాన్నా, నువ్వు కొరుకు. నాకు విరగట్లేదు."

అతను కొరికాడు. చిప్ప పగిలి, గోరువెచ్చటి తియ్యటి రసం అతని నోట్లోకి జారింది. లోపలి కండను పిల్ల లాగేసుకుంది. కళ్ళు చెమర్చితే అతను ఆవిరి తగిలిందన్నాడు. పొయ్యి ఆర్పి చాలాసేపైన సంగతి పిన్ని ఎత్తలేదు.

తర్వాతి వారం అతను సీసాతో వచ్చాడు. పిల్ల తూకం ఎంతకొచ్చిందని పిన్ని అడిగింది.

"చూడలేదు పిన్నీ," అన్నాడు తాడు ముడి వేసుకుంటూ. "రాత్రి రెండోసారి అన్నం పెట్టమంది."