గీత పడ్డ చోట

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నేర్పని విద్యంటూ లేదు. జావా, టెస్టింగ్, స్పోకెన్ ఇంగ్లీషు, ఏదైనా సరే, చేతిలో కరపత్రం పెట్టి మేడ మీదికి లాక్కుపోయేవారు. రాని పనిని వచ్చినట్టు ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలో కూడా నేర్పేవారు (నాకు ఉద్యోగం వచ్చింది ఆ చదువుతోనే). కానీ నాకు అత్యవసరంగా కావలసివచ్చిన జాజ్ సంగీతాన్ని మాత్రం ఏ సందులోనూ నేర్పలేదు.

ఆ అవసరం ఎందుకొచ్చిందంటే, పంజాగుట్టలో మా ఆఫీసులోనే పనిచేసే ఒకమ్మాయిని నేను పెళ్ళి చేసుకోవాలనుకున్నాను. తనకూ ఇష్టమే. ఇక ఒప్పుకోవలసింది శ్రీనగర్ కాలనీలో ఉండే వాళ్ళ నాన్నగారు. హాస్టల్లో నా గదిలోనే ఉండే, నేను అన్నా అని పిలిచే అతను, ఆ అమ్మాయికి చిన్నాన్న కొడుకు. "మా పెద్దనాయిన జాతకం చూడడు, జీతం అడగడు. పాత జాజ్ రికార్డు ఒకటున్నది, గదే పెట్టి వినమంటడు. కుదురుగ వింటెనే పిల్లనిస్తడు. మొన్నొచ్చినోడు నడుమల ఫోన్ చూసిండు, గంతే, ఖతం" అన్నాడు. "మరి నేనేం చెయ్యాలన్నా?" అంటే, "ఫికర్ చెయ్యకు. కండ్లు మూసుకో, తల ఊపు, జర ఆహా అను. ఇంటర్వ్యూలనే బుకాయించినోనివి, గిదెంత?" అని ధైర్యం చెప్పాడు.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాడమంటారని విన్నాను గానీ అబ్బాయిని వినమనడం నేనెక్కడా వినలేదు. పెద్దాయన రికార్డును పసిబిడ్డలా అట్టలోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడుస్తూ, "జాజ్ వింటవా, బాబూ?" అన్నారు. "చిన్నప్పటి నుంచీనండీ" అన్నాను (చిన్నప్పుడు నేను విన్నదల్లా పక్కవాటాలో సంగీతం టీచరుగారు చెప్పే కర్ణాటక సంగీతం పాఠాలు). ఆయన కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. కాసేపు ఏమీ అంతుపట్టలేదు. ఒకాయన వాయిస్తుంటే ఇంకొకాయన అడ్డొస్తున్నాడు, వెనక డ్రమ్ములాయన ఇద్దరినీ పట్టించుకోవడం లేదు. చెమటలు పట్టాయి. అంతలో శాక్సఫోన్ ఒక చిన్న ముక్కను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అదే వాయించసాగింది. ఆ టీచరుగారు పల్లవిని సంగతులు వేస్తూ తిప్పి తిప్పి పాడేవారు కదా, ఇదీ అలాంటిదే! నాకు ప్రాణం లేచొచ్చింది. తొడ మీద తాళం వేస్తూ, "ఆహా! అదే ముక్క, ప్రతిసారీ కొత్తగా ఉందండీ!" అన్నాను.

"గదే కద గొప్పతనం!" అన్నారాయన తన్మయంగా.

"అస్సలు వదలట్లేదు చూశారా!"

"వదలడు, బాబూ. ప్రాణం పెట్టి వాయిస్తడు."

అప్పుడు వంటింట్లోంచి అమ్మాయి వాళ్ళమ్మగారు సర్వపిండి పళ్ళెంతో వచ్చి, "ఏందయ్యా మీరిద్దరు! రికార్డు మీద గీత పడి ముల్లు ఆడ్నే కొట్టుకుంటుంటె, ఒగలు ఆహా అంటరు, ఒగలు ప్రాణమంటరు!" అని ముల్లెత్తి పక్కకు జరిపారు. కళ్ళు తెరిచాను. ఎదురుగా పెద్దాయనా తెరిచారు. వంటింటి గుమ్మంలో అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. అన్న సర్వపిండి ముక్క పట్టుకుని బాల్కనీలోకి జారుకున్నాడు. నా పెళ్ళి అక్కడితో ఆగిపోయిందనుకున్నాను.

"ఎప్పటి సంది ఉన్నది గా గీత?" అన్నారు పెద్దాయన నీరసంగా.

"మీరు కొనుక్కొచ్చినప్పటి సంది. రోజు నేనే వచ్చి జరుపుత. మీరు కండ్లు తెరిస్తె కద!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు వంగి మెల్లగా, "గీ ముచ్చట బయట ఎవ్వరికి చెప్పకు, బాబూ" అన్నారు. ఎక్కడి నుంచి వచ్చిందో అంత తెగింపు, "ఇంటల్లుణ్ణి, నేనెందుకు చెప్తానండీ?" అనేశాను. ఆయన ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వుతోనే నా పెళ్ళి కుదిరింది.

ఇప్పుడు అదే ఆల్బమ్ ఫోన్లో, ఏ గీతా లేకుండా వస్తోంది. ఆదివారాలు మామగారూ నేనూ కలిసి వింటాం. ఆ చోటు రాగానే ఇద్దరం వంటింటి గుమ్మం వైపు చూస్తాం. పాట మాత్రం ఆగకుండా దాటిపోతుంది, మాకేదో వెలితిగా అనిపిస్తుంది. ఇన్నేళ్ళకు నాకు జాజ్ కాస్తో కూస్తో నిజంగానే అర్థమవుతోంది. కానీ ఆ రోజు ఏమీ తెలియక, చెమటలు కక్కుతూ అన్నంత సంతోషంగా ఆహా అని మళ్ళీ ఎప్పుడూ అనలేకపోయాను.