గంజి పెట్టిన కాజా కుట్టు

చొక్కాకు గుండీ పట్టే కంత ఉంటుంది కదా, దాని అంచు పీచు లేవకుండా చుట్టూ వేసేదే కాజా కుట్టు. సూది గుచ్చి, దారాన్ని సూది కిందుగా తిప్పి లాగితే అంచు మీద ఒక ముడి కూర్చుంటుంది. ముడి పక్కన ముడి, దాని పక్కన ఇంకో ముడి. అంతే. మా బజారులో ఈ కుట్టు రాని ఆడది లేదు. దీంట్లో పెద్ద విద్య ఏముందని నేనూ అనుకునేదాన్ని.

మాది రామన్నపేటలో నేత ఇల్లు. మగ్గం మూలకు పడ్డాక, మా వీధి చివర ఉన్న దర్జీ దుకాణానికి కాజాలు కుట్టి ఇచ్చేదాన్ని. దర్జీ భార్యకు నా చెల్లెలి వయసు. మేం సాలోళ్లం, వాళ్లు సాయిబులు. ఆమె నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. ఇద్దరం వాళ్ల అరుగు మీద కూర్చుని చొక్కాలు ఒళ్లో వేసుకుని కుడుతూ ఊళ్లో వాళ్లందరినీ ఏకేవాళ్లం.

తెలంగాణ వచ్చాక కొన్నాళ్లకు దర్జీ కాజాలు కొట్టే మిషన్ తెచ్చుకున్నాడు. చొక్కా పెట్టి కాలితో నొక్కితే చాలు, కాజా అయిపోతుంది. నాకు పని పోయింది. పోయినందుకు ఏడవలేదు గాని చేతులు ఊరుకోలేదు. అదే రోజుల్లో మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్నాను. వేలిముద్ర వేసే ముసల్ది సంతకం పెడుతోందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నెత్తికెక్కింది. ఈ వయసులో అక్షరాలే వచ్చినప్పుడు నాకు రానిదేముంది అనుకున్నాను.

దర్జీ పారేసే ముక్కలు ఏరుకొచ్చి కాజా కుట్టును నానా రకాలుగా తిప్పి చూడడం మొదలుపెట్టాను. ముడి నుంచి బట్ట మీదికి దిగే దారాన్ని కాలు అంటాం; ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి వేస్తే దువ్వెన విరిగినట్టు వచ్చింది. మూడు కాళ్లను ఒకే కంతలోకి దించితే గుడిసె కప్పు అయింది. కాళ్లను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తే తడక. నడుమ ఒకే చోట గుచ్చుతూ గుండ్రంగా తిరిగితే బండి చక్రం. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా తీసుకుపోయి మా ఆయన ముందు పెట్టేదాన్ని.

ఆయన కండ్లద్దాలు పైకి జరిపి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్ని కాజాలు కుట్టినవ్. ఒక్క గుండీ లేదాయె."

"నీ నోటికి పెట్టనీకి దాచిపెట్టిన గుండీలు" అన్నాను.

అన్నింటిలోకీ నాకు నచ్చింది ఒకటుంది. ముడి వేసేటప్పుడు దారాన్ని పూర్తిగా లాగకుండా, అంచు బయట చిటికెన వేలి గోరంత వదులు ఉంచాలి. అలా వరసగా వదిలితే అంచు పొడుగునా మల్లె రెక్కలు పేర్చినట్టుంటుంది. కాని ఆ రెక్కలు నిలబడవు. కుట్టిన కాసేపటికే వాలిపోతాయి.

నిలబెట్టడానికి నాకు తోచింది గంజి. నేతోళ్ల బుద్ధి అది. మా అత్త బతికున్నప్పుడు "గంజి తాగని పోగు మగ్గం ఎక్కదు" అనేది. పడుగును వీధిలో చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెడితే సన్నటి నూలు కూడా తీగలాగా నిలుస్తుంది. నేనూ అన్నం గంజి చిక్కగా కాచి దారాన్ని ముంచి ఆరేశాను. కుట్టాక రెక్కల మీద మళ్లీ వేలితో గంజి అద్దాను. తెల్లారేసరికి రెక్కలన్నీ లేచి నిలబడి ఉన్నాయి. ఆ రోజు నా అంత కళాకారిణి ఈ జిల్లాలో లేదనిపించింది.

అప్పుడే దర్జీ భార్య కూతురికి పెళ్లి కుదిరింది. మక్తల్ సంబంధం. పెళ్లికి ముందు పిల్లకు పసుపు రాసే వేడుక వాళ్లలో ఉంటుంది, మంజా అంటారు. ఆ వేళ పిల్ల తల మీద కప్పడానికి ఆమె ఒక పాత పసుపుపచ్చ పట్టు దుపట్టా తీసింది. అది వాళ్ల అమ్మ ఈమె మంజాకు చేతితో కుట్టి ఇచ్చినది. ఆ తల్లి ఇప్పుడు లేదు. అంచంతా పీచు లేచిపోయి ఉంది.

"మిషన్ సూది కింద పెడితే చినుగుతది అక్కా, పానం లేని బట్ట" అంది. "నాకు కండ్లు ఆనుతలేవు. నువ్వే అంచుకు కాజా కుట్టెయ్యి. సాదాగ ఎయ్యి, సాలు."

"నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె" అన్నాను.

సాదాగా వెయ్యమంది. నా చెవులతో విన్నాను. ఇంటికి పోయి ఆకుపచ్చ దారాన్ని గంజిలో ముంచాను.

నాలుగు అంచులా రెక్కలు లేపాను. తీసుకుపోయి ఇస్తే ఆమె ఒళ్లో పరుచుకుని ఒక రెక్కను వేళ్ల మధ్య పట్టి చూసింది. తర్వాత నా మొహం చూసింది. "మంచిగుంది అక్కా" అంది. పెళ్లికూతురైతే దుపట్టా తల మీద వేసుకుని అద్దం ముందుకు ఉరికింది. "పెద్దమ్మా, అన్నీ పూలే" అంది. నేను ఇంటికి గాల్లో నడిచి వచ్చాను.

మంజా నాడు మక్తల్ నుంచి పెళ్లికొడుకు తల్లి, ఆమె వెంట ఆడవాళ్లు వచ్చారు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి దుపట్టా మొహం మీదికి దించారు. నేను కావాలనే ముందు వరసలో కూర్చున్నాను, ఎవరు కుట్టారని అడిగితే చెప్పడానికి.

ఎవరో అడిగారు కూడా. నేను నోరు తెరిచేలోపే పసుపు మొదలైంది. పసుపులో పన్నీరు కలిపారు, నూనె కలిపారు. చేతులకు, కాళ్లకు, మొహానికి రాశారు. వదినెలు ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. దుపట్టా తడిసింది. నా కండ్ల ముందే రెక్కలు ఒకటొకటిగా మెత్తబడి వాలాయి. కాసేపటికి ఆ అంచు పూలంచు కాదు, పీకి పారేసిన పాత బొంత అంచు. తడిసిన గంజి తెల్లగా చారలు కట్టింది.

అదొక్కటే అయితే సిగ్గుపడి ఊరుకునేదాన్ని. పిల్ల ముంజేతి నిండా గాజులు. మొహం మీది పసుపు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తింది. వదులు దారాలు గాజుల్లో చిక్కుకున్నాయి. తెలియక చెయ్యి దించింది. పాత పట్టు పర్రుమని జానెడు చినిగింది.

చల్లులాట ఆగిపోయింది. పిల్ల తల వంచుకుని చినిగిన చోటును గుప్పిట్లో దాచుకుంది. దుపట్టా కింద భుజాలు కదులుతున్నాయి. కొత్త అత్త ముందు, మొదటి వేడుకలో, చచ్చిపోయిన అమ్మమ్మ బట్ట చినగడం శుభం కాదని అక్కడ అందరి మొహాల్లో రాసి ఉంది.

పెళ్లికొడుకు తల్లి ముందుకు వంగి అంచు పట్టుకుంది. "గిదేం కుట్టు? ఎవలు కుట్టిన్రు గిట్ల?"

నేనని చెప్పాలి. ఇందాక చెప్పడానికి ఉబలాటపడ్డ నోరే అది. లేవలేదు.

దర్జీ భార్య వచ్చి కూతురి పక్కన కూర్చుని దుపట్టా సర్దింది. "నేనే కుట్టమన్న వదినా. పూలుంటే బాగుంటదని నేనే చెప్పిన. పాతది గద, చినిగింది. మా అమ్మ పైనుంచి చూసి నవ్వుతుంటది, ఇంక ఎన్నేండ్లు దాస్తవే బట్టను అని." అందరూ నవ్వారు. పసుపు మళ్లీ మొదలైంది. నా వైపు ఆమె చూడలేదు. చూస్తే బాగుండేది. తిడితే ఇంకా బాగుండేది.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఈసారి ఎగతాళి చేయలేదు. "మగ్గం మీద గంజి ఎందుకు పెడ్తమే?" అన్నాడు.

"పోగు తెగకుండ."

"బట్ట నేసినంక గంజి ఉతికితే పోతది. పోయినా బట్ట ఉంటది. ఎందుకు? పడుగును పేక పట్టుకుంటది. నీ కుట్టును ఎవలు పట్టుకున్నరు?"

ఎవరూ లేరు. గంజి ఒక్కటే పట్టుకుని ఉంది. నలభై ఏండ్లు గంజి చేతులతో బతికినదాన్ని, ఒక్క పేలికనైనా నీళ్లలో ముంచి చూడలేదు. ముంచితే వాలిపోతుందేమోనని లోపల తెలుసేమో. అందుకే ముంచలేదేమో. దాన్ని మాత్రం మా ఆయనకు చెప్పలేదు.

మరునాడు పోయి దుపట్టా అడిగి తెచ్చుకున్నాను. రెక్కలన్నీ విప్పాను. చినిగిన చోటుకు లోపల సన్నటి గుడ్డ పెట్టి, రెండు అంచులనూ కలిపి సాదా కాజా కుట్టు వేశాను. ముడి పక్కన ముడి. చుట్టూ అంచుకూ అదే. గంజి లేదు, వదులు లేదు. నీళ్లలో పిండి, ఆరేసి, మడతపెట్టి తీసుకుపోయాను.

దోవ పొడుగునా మాటలు పేర్చుకున్నాను. నువ్వు సాదాగా వెయ్యమన్నవు, నేను నా గొప్ప కోసం చేసిన, నీ అమ్మ బట్ట ఖరాబు చేసిన, మందిల నువ్వు నా కోసం అబద్ధమాడినవు అని చెప్పాలనుకున్నాను. ఆమె అరుగు మీదే ఉంది. దుపట్టా తీసుకుని అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గంజి వాసన పోయింది" అంది.

నేను అరుగు అంచున కూర్చున్నాను. "నీకు ఎరుకేనా?"

"దర్జీ పెండ్లాన్ని అక్కా. నువ్వు తెచ్చిన్నాడే పట్టి చూసిన. తడిస్తే నిలువదని ఎరుకే."

"మరి చెప్పకపోతివి. నీ బిడ్డ మంజా గదనే."

"నువ్వు గట్ల నిలబడి ఉంటివి, సంతకం నేర్చిన నాడు నిలబడ్డట్టు. ఏం చెప్పాల్నే నేను? ఒక్క పూట నిలుస్తదేమో అనుకున్న. తడి తక్కువ చల్లమని ఆడోళ్లకు చెప్పిన గూడ. వాళ్లు ఇంటరా?" అని నవ్వింది.

నేను పేర్చుకుపోయిన మాటలు ఆ నవ్వు ముందు పనికి రాలేదు. నా మొహం చిన్నబోకూడదని ఆమె తల్లి బట్టను పణంగా పెట్టింది. కూతురి వేడుకనూ పెట్టింది. నేను మాత్రం లేచి నిలబడి నేనే కుట్టాను అనలేకపోయాను.

ఆ పిల్ల మక్తల్‌లో బాగానే ఉంది. దుపట్టా తీసుకుపోయింది. రంజాన్‌కు వచ్చినప్పుడు కప్పుకుని వస్తుంది. వచ్చి నా దగ్గర కూర్చుని ఆ అతుకు మీద వేలు పెట్టి, "పెద్దమ్మా, బట్టంతట్ల గిదే గట్టి జాగా" అంటుంది. మంచి మనసుతోనే అంటుంది. నేను ఆమె మొహం చూడను, గాజులు చూస్తాను.

పేలికల మీద ఇప్పటికీ రకరకాలుగా కుట్టి చూస్తూనే ఉంటాను. కుట్టిన ప్రతిదాన్నీ ముందు నీళ్లలో ముంచుతాను. నిలిచినవి కొన్ని ఉన్నాయి. చూపించమని దర్జీ భార్య అడుగుతూ ఉంటుంది. ఇంకా ఆరలేదు చెల్లె అంటాను.