పెంగ్విన్లు ఒడ్డెక్కిన సాయంత్రం

మా నాయన దూది ఏకేవాడు. గుత్తి చుట్టుపక్కల పల్లెల్లో కొత్త పరుపు కుట్టాలన్నా, పాత దూది విప్పి మళ్లీ ఏకాలన్నా ఆయనకే కబురొచ్చేది. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో పరుపులు కుట్టించుకునేవాళ్లే లేకుండా పోయారు. అప్పుడే నేను బొంబాయి రైలెక్కాను. అక్కడ ఒకాయన పరిచయమయ్యాడు. మా జిల్లాలోనే కంబదూరు పక్క నుంచి వచ్చి సరుకు ఓడల్లో పనిచేస్తున్నాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనే మాటసాయం చేసి తన ఓడలోనే, ఇంజను గదిలో నూనె పోసే పని ఇప్పించాడు. అరవయ్యో దశకం నడుమ సంగతి ఇది.

రెండో ఏడు మా ఓడ మెల్బోర్న్ రేవులో ఆగింది. గోధుమలు ఎక్కించడానికి వారం పడుతుందన్నారు. రేవుకొచ్చిన ఓడ మనుషులను అక్కడి నావికుల సంఘం వాళ్లు బస్సులో ఊరు చూపించడానికి తీసుకెళ్లేవారు. ఈసారి తిమింగలాలనూ, పెంగ్విన్లనూ చూపిస్తామన్నారు. మేం తొమ్మిదిమందిమి పేర్లిచ్చాం.

బయల్దేరే రోజు పొద్దున, బస్సు ఎక్కబోతుండగా ఉత్తరాల సంచి వచ్చింది. అందులో నాకొకటి ఉంది. తమ్ముడి చేతిరాత. అక్కడే నిలబడి చదివాను.

"నాయన పోయినాడు. మూడు దినాలు జొరమొచ్చె. గుత్తికి ఎత్తుకపోదామనుకునే లోపలే అయిపోయె. మట్టిచ్చినాం. నువ్వు రాలేవని అందరికీ తెలుసు. అమ్మ బాగుండాది."

పైన వేసిన తేదీకి నెల దాటి ఆరు రోజులైంది. మూడుసార్లు చదివాను. 'అమ్మ బాగుండాది' అన్న దగ్గర సిరా మారింది. అది గమనించాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. బస్సు హారన్ కొట్టింది. ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్లి కూర్చున్నాను. పేర్ల పట్టీలో నా పేరుంది కదా అనిపించింది, అంతే.

మమ్మల్ని తీసుకెళ్లినాయన ఒకప్పుడు ఓడల్లో పనిచేసిన ముసలి దొర. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ మమ్మల్ని వేలితో లెక్కపెట్టుకునేవాడు. మాకు అర్థం కావాలని ఒక్కో ఇంగ్లీషు మాటా విడదీసి గట్టిగా పలికేవాడు. తిమింగలం ఊపిరి ఎట్లా వదులుతుందో చూపించడానికి బుగ్గలు ఉబ్బించి పైకి ఊదాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు పక్కవాడిది విన్నట్టు నాకు వినబడింది.

సముద్రం మీదికి వంగినట్టున్న ఒక కొండ అంచున మమ్మల్ని నిలబెట్టాడు. గాలి చెవులు కోస్తోంది. చాలాసేపటికి దొర చెయ్యి చాచి అరిచాడు. దూరంగా నీళ్లలోంచి తెల్లగా ఆవిరి లేచింది. దాని వెనకే నల్లటి వీపు ఒకటి తేలి, మెల్లగా జారి లోపలికి పోయింది. ఇంకో రెండుసార్లు అట్లాగే తేలింది. మావాళ్లు కేకలు పెట్టారు. ఒకడు నా భుజం పట్టుకుని ఊపేశాడు. నేను చూశాను. చూశానన్నది ఇప్పటికీ గుర్తే. అప్పుడు ఏమనుకున్నానో మాత్రం గుర్తు లేదు. ఏమీ అనుకోలేదేమో.

మధ్యాహ్నం రొట్టె ముక్కల మధ్య గుడ్డు పెట్టి ఇచ్చారు. అన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏమప్పా, పొద్దున్నుంచీ చూస్తాండా. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. కడుపులో బాగలేదా?"

"బాగుండాది."

"మరి తిను."

"అన్నా, నాయన పోయినాడంట."

ఆయన నమలడం ఆపేశాడు. "ఎవురు చెప్పిరి?"

"తమ్ముడు రాసినాడు. బస్సెక్కేటప్పుడు వచ్చె ఉత్తరం."

"దాన్ని జేబులో పెట్టుకోని తిమింగలాన్ని చూస్తాండావా నువ్వు? లెయ్. ఆ దొరకు చెప్తా. ఎట్లోకట్ల ఓడకు పంపిస్తాడు."

"వద్దన్నా. ఆడికి పోయి ఏం చేసేది? నెల దాటిపాయ."

ఆయన తన రొట్టె కింద పెట్టాడు. తర్వాత, "ఏం వయసు?" అన్నాడు.

"తెలీదు. అరవై ఉంటాదేమో."

నాయన వయసు నాకు తెలియదన్న సంగతి ఆ నిమిషం దాకా నాకే తెలియదు. అన్న నా చేతిలోని రొట్టె తీసుకుని తన చేతిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు.

పొద్దు గూకే వేళకు ఇంకో ఒడ్డుకు తీసుకెళ్లి ఇసుకలో వరసగా కూర్చోబెట్టారు. పక్షులు వచ్చేటప్పుడు ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు అన్నాడు దొర. చీకటి పడుతుండగా అలల్లోంచి అవి వచ్చాయి. జానెడున్నర ఎత్తు కూడా లేవు. పది పన్నెండు కలిసి ఒడ్డుకొచ్చి, ఆగి, దేనికో బెదిరి మళ్లీ నీళ్లలోకి పరుగెత్తాయి. మళ్లీ వచ్చాయి. చివరికి అన్నీ ఒక్కుమ్మడిగా, రెక్కలు చాచుకుని తూలుకుంటూ ఇసుక దాటి, గడ్డిలో ఉన్న తమ బొరియల వైపు పోయాయి. ఒకటి నా బూటుకు మూరెడు దూరంలోంచి నడిచింది. నా కాళ్లు చల్లగా ఉన్నాయని మాత్రం తెలిసింది. మాట్లాడకూడదన్న కట్టుబాటు నాకు ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

బస్సు దగ్గర అన్న తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో దొరకు చెప్పేశాడు. దొర టోపీ తీసి నా చెయ్యి పట్టుకున్నాడు. నన్ను ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాడు. తాగాను. మరుసటి రోజు మామూలుగా నూనె డబ్బా పట్టుకుని పనిలోకి దిగాను.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అమ్మ వాకిట్లో చేటలో కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమని చాప చూపించింది. చెరుగుతూనే అడిగింది.

"జాబు అందినప్పుడు యాడుండావు?"

చెప్పాను. తిమింగలం సంగతి, మనిషిలా నిలబడి నడిచే ఆ పక్షుల సంగతి. అవి గుడ్లు యాడ పెడతాయి, ఏం తింటాయి అని అడిగింది. తెలిసినంత చెప్పాను.

"ఆపొద్దు ఏడిస్తివా?"

"లేదమ్మా."

అమ్మ చేటను మోకాళ్ల మీద ఆనించుకుని రాళ్లు ఏరింది. "మేము ఏడ్చినాంలే," అంది.