చూపున్నప్పుడే ఒక రోజు

మా పక్క క్వార్టర్ మావయ్య మొన్న మంగళవారం తెల్లారి పోయారు. పాల ప్యాకెట్లతో వస్తుంటే వాళ్ళబ్బాయి గేటు దగ్గర నిలబడి, "భయ్యా, నాన్న లేవట్లేదు" అన్నాడు. సెక్టార్‌లో ఎవరేం చెప్పినా ఎగతాళి చేసే నోరు నాది. ఆ పూట ప్యాకెట్లు గేటు మీదే పెట్టేసి లోపలికి పరిగెత్తాను.

మావయ్యంటే చుట్టం కాదు. మా నాన్నతో పాటు ఈ హిందీ ఊళ్ళో ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఇంట్లో గోడల నిండా పాత క్యాలెండర్ బొమ్మలే. ఏడాది తిరగ్గానే తేదీల కాగితం కత్తిరించి పారేసి, బొమ్మ ఉంచుకునేవారు. "తేదీ పాతబడతాది గానీ బొమ్మ పాతబడదురా" అనేవారు.

కిందటేడు కంటి నరం ఎండిపోతోందని, చూపు పక్కల నుంచి మూసుకొస్తోందని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. చూపున్నప్పుడే తిరుపతి వెళ్ళి రమ్మన్నారు అందరూ.

"దేవుడు కల్లు మూసుకున్నా కనబడతాడంట గదా. బొమ్మలు కనబడవు. కలకత్తాలో పెద్ద పెద్ద బొమ్మలు పెట్టారంట, తీసుకెల్తావేట్రా?" అని నన్నడిగారు. నాకు పని అప్పజెప్పొచ్చని నమ్మిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కరే.

రాత్రంతా రైల్లో నిద్ర లేదు. దిగీ దిగగానే మ్యూజియం. రాతి విగ్రహాల హాల్లో తిరిగి తిరిగి విసుగు పుట్టి, రెండు విగ్రహాల మధ్య చెయ్యెత్తి కదలకుండా నిలబడ్డాను. మావయ్య ముక్కు తగిలేంత దగ్గరకొచ్చి చూశారు.

"రాయి మంచిదే. గుట్కా కంపు కొడతంది. తవ్వినోల్లు కడగనేదేటి?"

సాయంత్రం బొమ్మల గ్యాలరీకి చేరేసరికి ఇద్దరికీ కాళ్ళు పీకేస్తున్నాయి. రెండో గదిలోనే ఒక బొమ్మ ముందు బెంచీ మీద కూలబడ్డారాయన. పని నుంచి వచ్చిన ఆడమనిషి, చెప్పులైనా విప్పకుండా గోడకానుకుని నిద్రపోతున్న బొమ్మ.

"లెగండి మావయ్యా, ఇంకా బోలెడు గదులున్నాయి. మల్లీ సూడలేరు."

"అందుకేరా. అన్నీ సూస్తే ఏదీ మిగల్దు. ఒక్కటి నిండా సూడనీ."

చూపు ఇరుకైపోయింది కదా, తల కొంచెం కొంచెంగా తిప్పుతూ చూశారు. ఆవిడ గాజులు, పాదాల దుమ్ము, వదులైన ముడి. నేను పక్కనే కునుకు తీశాను. ఆయన లేపలేదు.

మూసే వేళకి గార్డు వచ్చి, "చలియే దాదా, బంద్ హో గయా" అన్నాడు. మావయ్య లేచారు. గుళ్ళో దేవుడికి వీపు చూపించకుండా బయటికొస్తామే, అలా వెనక్కి నడవడం మొదలుపెట్టారు.

"ఏటి మావయ్యా, పడిపోతారు!"

"నువ్వు దారి సూడు. నాను బొమ్మ సూస్తాను."

ఆయన చొక్కా వెనక పట్టుకుని, మెట్టుంది, గుమ్మముంది అని చెబుతూ నడిపించాను. మేం వరండా సగం దాటామో లేదో, గార్డు ఆ గదిలో లైటు ఆర్పేశాడు. మావయ్య ఇంకా అటే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నారు.