పాలసీ రద్దుకు వెళ్లిన రోజు

మా ఆయన పోయిన మూడో నెలలో కారు అమ్మేశాను. నాకు డ్రైవింగ్ రాదు, నేర్చుకునే వయసూ కాదు. కడియంలో మా నర్సరీ ముందు అది కదలకుండా పడి ఉంటే, పొద్దున్నే దాని మీద రాలిన ఆకులు చూడలేకపోయేదాన్ని. కొన్నాయన రాజమండ్రిలో పాత కార్ల వ్యాపారి. ఇన్సూరెన్స్ తన పేరు మీద కొత్తది తీసుకుంటానని, మా పాలసీ రద్దు చేయించుకుంటే మిగిలిన నెలల డబ్బు వెనక్కి వస్తుందని ఆయనే చెప్పాడు.

దరఖాస్తు పెడితే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏడాది పాలసీలో మేం వాడుకున్నది ఏడు నెలలు. గడువుకు ముందే రద్దు చేసుకుంటున్నాం కాబట్టి దాదాపు పది నెలల డబ్బు పట్టుకుంటారట. రద్దు రుసుమని దాని మీద ఇంకొంత. చదవగానే ఒళ్లు మండింది.

నా సంగతి మా వాళ్లందరికీ తెలుసు. కొసరు వేయకపోతే కూరగాయల బండిని మా గుమ్మం ముందు నుంచి కదలనివ్వను. "నువ్వు లాయరువి కావాల్సింది. నా అదృష్టం బాగుండి కాలేదు" అని నవ్వేవారు మా ఆయన. ఆరో మాసికమైనా కాకుండా ఆఫీసుల చుట్టూ తిరుగుడేంటని మా ఆడపడుచు ముఖం ముడుచుకుంది. నేను వినలేదు. నిజం చెప్పాలంటే, అప్పటికి మూడు నెలలుగా నాకు ఎవరితోనైనా పోట్లాడాలని ఉంది. అసలు పోట్లాడాల్సిన మనిషి లేరు.

నా కోపమంతా ఆయన మీదే. కడుపునొప్పని రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చేసరికే జబ్బు ముదిరిపోయింది. "ఇంతకుముందు ఎక్కడా చూపించుకోలేదామ్మా?" అని డాక్టరు గారు అడిగారు. "ఈయన మాట వింటేగా డాక్టరు గారూ. మొక్కకి చీడ పడితే పరిగెడతారు, తన ఒంటికొస్తే పట్టించుకోరు" అన్నాను. ఆయన మంచం మీద కళ్లు మూసుకుని విన్నారు. నెల తిరక్కుండానే వెళ్లిపోయారు. నిర్లక్ష్యంతో ప్రాణం పోగొట్టుకున్నారని పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. దినకార్యానికి వచ్చినవాళ్లకీ అదే చెప్పాను.

ఇన్సూరెన్స్ ఆఫీసు ఒక మేడ మీద ఉంది. మెట్లెక్కి, ఆయాసం తీరాక, మా అమ్మాయి వయసున్న ఆఫీసరు ముందు కూర్చున్నాను.

"ఏడు నెలలు తిన్నవాడి దగ్గర పది నెలల భోజనం డబ్బులు తీసుకుంటారాండీ ఎక్కడైనా?"

"రూల్ అలా ఉందండి. నేను పెట్టింది కాదు కదండీ."

"మీరు పెట్టకపోతే పెట్టినవాళ్లని పిలవండి. వాళ్లతోనే మాట్లాడతాను."

ఆ పిల్ల ఓపికగలది. ఫైలు మళ్లీ చూస్తానుండండి అని కంప్యూటర్ వైపు తిరిగింది. కాసేపు చూసి, ఇంకోసారి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"మేడం గారూ, ఈ పాలసీ మీద క్లెయిమ్ తీసుకున్నారండి. క్లెయిమ్ తీసుకుంటే రద్దు చేసినా అసలేమీ వెనక్కి రాదండి. ముందు ఉత్తరం పొరపాటున వచ్చినట్టుంది."

నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే ఆ కాస్తయినా వచ్చేది. అడిగి తన్నించుకున్నట్టయింది నా పని.

"ఏం క్లెయిమండీ?"

"కారు ముందు అద్దం పగిలిందండి. ఆషాఢంలో. తుని దగ్గర."

అద్దం పగిలిన మాట నిజమే. అది ఊరందరికీ తెలుసు, ఎందుకంటే ఊరందరికీ చెప్పింది నేనే. మొగల్తూరులో ఎవరో తోట వేస్తున్నారని మొక్కలు చూపించడానికి వెళ్లి, వాళ్ల కొబ్బరిచెట్టు కింద కారు పెట్టి, కాయ పడి అద్దం పగలగొట్టుకొచ్చారు ఆయన. గోదావరి గడ్డ మీద పుట్టి కొబ్బరిచెట్టు కింద కారు పెట్టే మనిషిని ఎక్కడైనా చూశారా అని ఆ నెలంతా ఆడిపోసుకున్నాను. ఆయనా నాతో పాటు నవ్వారు.

"తుని ఏంటమ్మా? మొగల్తూరు ఎక్కడ, తుని ఎక్కడ? మా ఆయన తప్పుడు కాయితం పెట్టారంటావా?" అన్నాను. గొంతు పెద్దదైంది. పక్క బల్లలవాళ్లు తలెత్తి చూశారు.

ఆ పిల్ల లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చి, క్లెయిమ్ ఫారం తీసి నా ముందు పెట్టింది. ఆయన చేతిరాతే. మొక్కల కుండీలకు పేర్లు రాసినట్టే, అక్షరాలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఏ పని మీద ప్రయాణం అన్నచోట ఇలా రాశారు. "వైద్య పరీక్షల కోసం విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి తిరిగి వస్తుండగా, తుని దాటిన తర్వాత ముందు లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరివచ్చి అద్దానికి తగిలింది."

మూడుసార్లు చదివాను. చదువుతుంటేనే ఆ వర్షాకాలం గుర్తొచ్చింది. ఏటా ఆ రోజుల్లో మామిడి అంట్లు కట్టించేవారు. ఆ ఏడు కట్టించలేదు. అంటు కట్టిన మొక్క అమ్మకానికి రావాలంటే ఏడాది పడుతుంది. పనివాళ్లు అడిగితే "చూద్దాంలే" అన్నారు. బద్ధకం ఎక్కువైందని నేను సణిగాను. ఆయనకు అప్పటికే తెలుసు. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి డాక్టరు గారితో నేను అన్న మాటలు, అన్నీ తెలిసే విన్నారు.

నాకెందుకు చెప్పలేదో ఆ కుర్చీలో కూర్చునే అర్థమైంది. చెప్తే ఆ జబ్బుతో కూడా నేను వాదన పెట్టుకునేదాన్ని. ఆ డాక్టరు కాదు ఈ డాక్టరనేదాన్ని, ముందే ఎందుకు చూపించుకోలేదని తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని. ఉన్న నాలుగు నెలలూ మామూలుగా బతకాలనుకున్నారు ఆయన. నేను మాత్రం ఆయన్ని నిర్లక్ష్యం మనిషని ఊరంతా చాటాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"కావాలంటే పై ఆఫీసుకి కంప్లైంట్ పెట్టుకోవచ్చండి. ఫారం ఇమ్మంటారా?" అంది ఆ పిల్ల. నేను గొడవ ఆపేశానని ఆమెకింకా తెలియదు.

"వద్దమ్మా. రద్దు మీరు ఎలా చేసుకుంటే అలా చేసుకోండి. ఈ కాయితం నకలు ఒకటి ఇస్తావా?"

జిరాక్స్ తీసి ఇచ్చింది. ఆటోలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని మిగతాది చదివాను. బండి నంబరు, లైసెన్సు, గంట ఎంత, వాన ఉందా లేదా. అన్నిటికీ పొందిగ్గా జవాబులు రాశారు. చివరి వరసలో, ప్రమాద సమయంలో వాహనంలో ఇంకా ఎవరున్నారు అని అడిగారు. ఎవరూ లేరు అని రాసి సంతకం చేశారు.

ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. రమ్మంటే దారి పొడుగునా గొడవ పెట్టుకునేదాన్నేమో. కానీ వెళ్లేదాన్ని.