దుర్గాబాయి తుడిచేసిన స్తంభం

మేడ్చల్ రైల్వే స్టేషనుకు వెళ్లే దారిలో, ఎరువుల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే దుర్గాబాయి ఫొటో స్టూడియో వస్తుంది. ఆమెకు కెమెరా పట్టడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పద్దెనిమిదో ఏట ఒక స్టూడియోలో నెగెటివుల మీది మచ్చలను సన్నని కుంచెతో దిద్దే పనికి చేరింది. యజమాని భోజనానికి వెళ్లిన వేళల్లో కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, తప్పులు చేసి, తనంతట తానే నేర్చుకుంది. ఆడమనిషి పెళ్లి ఫొటోలు తీస్తుందా అని నవ్విన ఇళ్లలోనే రెండు తరాల పెళ్లిళ్లు తీసింది. ఇప్పుడామెకు యాభై రెండేళ్లు.

కండ్లకోయ కాలేజీల పిల్లలు బస్సు దిగి, కెమెరా కొనేముందు ఆమెను అడిగిపోవడం ఒక అలవాటు.

"ఆంటీ, ఏ కెమెరా కొనాలె?"

"కొనకు. ముందు నీ ఫోన్‌ల నూరు ఫొటోలు తియ్యి. అండ్ల పది మంచిగ వచ్చినయంటే అప్పుడు రా."

మళ్లీ వచ్చినవారికే అసలు సలహా దక్కేది. "బాడీ సెకండ్‌హ్యాండ్‌ది తీస్కో, షట్టరు ఎన్ని వేలసార్లు కొట్టిందో అడిగి మరీ తీస్కో. లెన్సు మాత్రం మంచిది తీస్కో. బాడీ ఐదేండ్లకు పాతదైతది, లెన్సు ఇరవై ఏండ్లు నిన్ను సాదుతది. వానకాలంల దానికి బూజు పట్టకుండ గట్టి మూతున్న పిండి డబ్బల పెట్టి, చెప్పుల డబ్బలల్ల వచ్చే తెల్లగోలీల పొట్లాలు రెండు పడెయ్యి."

"మరి ఎడిటింగుకు ఏ సాఫ్ట్‌వేర్ ఆంటీ?"

"ఉత్తగ దొరికేవి గూడ మంచిగనే ఉన్నయి. దేన్ల చేసినా, మొఖం నున్నగ చేసే బటన్ ముట్టకు. మనిషి తోలుకు గీతలుంటయి బిడ్డా, కోడిగుడ్డుకు ఉండయి. ఇంకో మాట. ఏది దిద్దినా నకలు మీద దిద్దు, అసలు దానికి చెయ్యి తాకొద్దు. ఆ అసలు రెండు జాగలల్ల ఉండాలె. ఒక్క జాగల ఉన్నదంటే లేనట్టే అనుకో."

ఇంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషి కూడా ఒక్క విషయంలో లొంగిపోయింది. అది ఆకాశం. పెళ్లికి ముందు పొలాల గట్ల మీద ఫొటోలు తీయించుకునే జంటలు తెల్లబారిన ఆకాశాన్ని ఒప్పుకోరు. నారింజ రంగు కావాలంటారు. ఆమె ఒకనాటి సాయంత్రం శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి, వరుసగా ఎగిరే ఏడు కొంగలతో ఒక చక్కని ఆకాశాన్ని తీసి పెట్టుకుంది. జంట ఏదైనా, ఊరు ఏదైనా, వారి తలల మీద ఆ ఆకాశమే అతికించేది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆమె కూడా దానిని తప్పుగా తలచలేదు.

వేసవి మొదట్లో ఒక ఉదయం, అలియాబాద్ రైతు కుర్మయ్య దరఖాస్తుకు అంటించే పాస్‌పోర్టు ఫొటోల కోసం ఆ మెట్లెక్కాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఫొటో దిగి లేచినవాడు అద్దాల పెట్టెలోని ఒక పెద్ద ఫొటో ముందు ఆగిపోయాడు. అందులో భవిత అనే కుత్బుల్లాపూర్ అమ్మాయి, కాబోయే భర్తతో ఒక నీటి పాయ ఒడ్డున నవ్వుతూ నిలబడి ఉంది.

"బిడ్డా, గిది మా ఒర్రె గద!"

"ఔ కాకా, మీ ఊరి దిక్కే తీసిన. రెండేండ్లయితాంది. ఏమైంది?"

కుర్మయ్య బల్ల మీద కూర్చుండిపోయాడు. ఆయన రెండెకరాల వరిపొలం దాటి ఆ ఒర్రె పారేది. వానాకాలపు నీటిని దిగువ చెరువుకు మోసుకుపోయేది. నిరుడు అక్కడ వెలసిన ఒక ఇళ్ల స్థలాల వెంచరు వాళ్లు దానిని మట్టితో పూడ్చి, పైన ప్లాట్లకు రాళ్లు పాతారు. వాననీటికి దారి లేక పొలంలోనే నిలిచిపోయింది. పొట్టకొచ్చిన వరి మొత్తం కుళ్లిపోయింది. ఈ వానల్లోపల ఆ దారి తెరుచుకోకపోతే ఈ ఏడాదీ అదే గతి.

"ఆఫీసుల అడిగితే ఊరి నక్షల సన్నగీత ఉన్నది గాని, భూమి మీద ఒర్రె ఏది, సూపియ్యుమంటున్నరు. పూడ్చినంక ఏడికెల్లి సూపియ్యాలె బిడ్డా? గీ ఫొటో ఇయ్యి. గిదే నా సాక్షం."

దుర్గాబాయి పెట్టె తెరిచి ఫొటో తీసి ఇచ్చింది.

మండల కార్యాలయంలో విచారణనాడు, ఫొటో తీసిన మనిషిగా దుర్గాబాయినీ పిలిచారు. తహసీల్దారు ఫొటోను శ్రద్ధగా చూస్తుండగా, వెంచరు తరఫున వచ్చిన వీరేందర్ అనే మేనేజరు నవ్వుతూ తన ఫోన్ ముందుకు జరిపాడు. తెల్లచొక్కా, మెత్తని మాట.

"మేడమ్, గిది కూడ గీ అక్క తీసిందే. జంట వేరే, ఊరు వేరే. జర కొంగలు లెక్కపెట్టుండ్రి. గీడ ఏడు. గాడ ఏడు. మూడో కొంగ రెండిట్లల్ల రెక్క వంచే ఉన్నది. గీ అక్క కంప్యూటర్ల ఆకాశం పుట్టించగల్గితే, ఒర్రె పుట్టియ్యలేదా?"

గదిలో ఉన్నవారంతా నవ్వారు. కుర్మయ్య మాత్రం నవ్వలేదు. తిరిగి దుర్గాబాయి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ నొప్పి కలిగించింది.

"నిజమేనా అమ్మా?" అని తహసీల్దారు అడిగింది.

"నిజమే మేడమ్. ఆకాశం నేనే మార్చిన," అంది దుర్గాబాయి, తల దించకుండా. "నీళ్లు మార్చలే. నేల మార్చలే."

"ఏది మార్చారో, ఏది మార్చలేదో నేనెట్లా చెప్పగలను? మార్చనిది ఉంటే సోమవారం తీసుకురండి. లేకపోతే ఈ ఫొటోను పక్కన పెట్టాల్సి వస్తుంది."

బయట వేపచెట్టు నీడలో వీరేందర్ ఆమెను కలిశాడు. "అక్కా, ఉత్తగ పరేషాన్ ఎందుకు? మా వెంచరు ఫొటోలు, డ్రోన్ వీడియోలు మొత్తం నీకే ఇస్త. ఏడాది పొడుగూత పని. గా సోమవారం నీకు జెర జ్వరమొస్తే సాలు."

"నాకు జ్వరమొస్తే నువ్వు మందిస్తవా?"

"పని ఇస్తున్న గదక్కా."

"పోయిన వానకాలం పంట మునిగినోనికి ఏమిచ్చినవ్? ముందు గది చెప్పు, నా జ్వరం సంగతి తర్వాత చూద్దాం."

"సరే. అయితే ఊరంత తెలుస్తది, దుర్గక్క ఫొటోలన్ని దొంగ ఫొటోలని."

"నువ్వు చెప్పుడెందుకు? నేనే చెప్త."

దుర్గాబాయి అటునుంచి అటే వచ్చి స్టూడియో తెరిచింది. గోడ అలమారలో, గట్టి మూతల డబ్బాల్లో, సంవత్సరాల వారీగా పేర్లు రాసిన హార్డ్‌డిస్కులు ఉన్నాయి. ఈ డిస్కులకు పెట్టే డబ్బుతో కొత్త కెమెరా కొనుక్కోరాదా అని తోటి ఫొటోగ్రాఫర్లు ఎగతాళి చేసేవారు. ఆ ఫొటో తీసిన సంవత్సరపు డిస్కును కంప్యూటరుకు తగిలించింది. అది రెండుసార్లు టిక్కుమని ఆగిపోయింది. తీగ మార్చింది, మళ్లీ తగిలించింది. మళ్లీ టిక్కుమంది. అంతే.

దుర్గాబాయి స్టూడియోకు తాళం వేసి, ఎండలో నడిచి ఇంటికి వెళ్లింది. రెండో నకలు ఇంట్లో బీరువా పై అరలో, చీరల వెనుక ఉంది. దానిని గుండెకు ఆనించుకుని తిరిగి వచ్చింది. ఈసారి డిస్కు మెల్లగా తిరగసాగింది. తెర మీద తేదీల వరుస పరుచుకుంది.

కెమెరా పట్టిన వెలుగును పట్టినట్టే దాచే రా ఫైలు అది. తెరిచింది. ఆకాశం పాలిపోయి ఉంది, ఒక్క కొంగ లేదు. గట్టు మీద పేడకుప్ప ఉంది. ఒర్రె నీళ్లు మట్టిరంగులో నిజంగా పారుతున్నాయి. భవిత భుజం పక్కనే, నిలువునా ఒక సిమెంటు కరెంటు స్తంభం.

ఆ స్తంభాన్ని ఆమె మరిచేపోయింది. అందానికి అడ్డమని తానే తుడిచేసింది. తీగలతో సహా, అరగంట కూర్చుని, అతుకు కనబడకుండా. ఇప్పుడు ఫొటోను పెద్దది చేసి చూసింది. భవిత తలకు జానెడు పైన, స్తంభం మీద ఎర్రరంగుతో నంబరు రాసి ఉంది: 47/3.

లోకంలో ఆ ఒర్రె ఎక్కడ పారిందో చెప్పగలిగిన ఒకే ఒక్క గుర్తును తన చేత్తోనే చెరిపిందన్నమాట. దుర్గాబాయి ఆ నంబరును ఒక కాగితం మీద రాసుకుంది. తర్వాత భవితకు ఫోన్ చేసింది. పెళ్లికి ముందు దిగిన ఫొటో, పదిమంది చూసే కాగితం మీదికెక్కుతుంది. మొదటిది అడగకుండానే ఇచ్చేసింది, ఇది కూడా అడగకుండా పెట్టే హక్కు తనకు లేదు.

"ఆంటీ, గా పేడకుప్ప గూడ కనవడ్తదా?" అని అడిగింది భవిత.

"కనవడ్తది బిడ్డా."

"మా అత్తమ్మ సూస్తె సచ్చిపోతది." ఒక నవ్వు. "పెట్టున్రి. నేను గూడ వస్త. నా ఫొటో దొంగదని ఎవడన్నడో వాని మొఖం సూడాలె."

సోమవారం దుర్గాబాయి రెండు ఫొటోలు పక్కపక్కన అచ్చువేసి తెచ్చింది. తహసీల్దారు బల్ల మీద పెట్టి, ఎవరూ అడగకముందే తానే మొదలుపెట్టింది.

"మేడమ్, గీ ఫొటోల నేను చేసినవి చెప్త. ఆకాశం మార్చిన. పేడకుప్ప తీసేసిన. తీగలు తీసేసిన. గీ స్తంభం తీసేసిన. ఆకాశం గిరాకి అడిగిండ్రని, మిగిలినయి అందానికని చేసిన. అసలు ఫొటో గిది. దీన్ల నా చెయ్యి పడలే. తారీఖు దాని లోపట్నే ఉన్నది."

"తారీఖు ఎవడన్న మారుస్తడు మేడమ్," అన్నాడు వీరేందర్.

"మారుస్తరు," అని దుర్గాబాయి ఒప్పుకుంది. "గందుకే తారీఖును నమ్మమంట లేను. స్తంభం కాడికి పోదాం పాండ్రి."

తహసీల్దారు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, లేచింది.

వెంచరులో ఎర్రమట్టి చదునుగా పరిచి ఉంది. తెల్లరంగు పూసిన హద్దురాళ్ల మధ్య సిమెంటు స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. నంబర్లు చూసుకుంటూ వెళ్లగా, ముప్పై రెండో ప్లాటులో 47/3 కనిపించింది. తహసీల్దారు ఫొటోను, స్తంభాన్ని మార్చి మార్చి చూసింది. వీరేందర్ ముందుకు వచ్చాడు.

"మేడమ్, స్తంభం ఉన్నది, మేమెప్పుడు లేదనలే. దాని పక్కన నీళ్లెక్కడున్నయి?"

అప్పుడు భవిత ఎవరూ చెప్పకుండానే వెళ్లి, ఫొటోలో ఉన్నట్టే, స్తంభం పక్కన భుజం ఆనించి నిలబడింది. ఎర్ర నంబరు ఆమె నడుము దగ్గర ఉంది.

"మేడమ్, జర ఫొటోల సూడుండ్రి, నంబరు నా తల మీద ఉన్నది. గిప్పుడు నడుము కాడుంది," అంది గంభీరంగా. "గీ రెండేండ్లల్ల నేను మూడడుగులు పెరిగిన్నా?"

ముందుగా నవ్వింది వెంచరు కాపలాదారు. ఆ తర్వాత కుర్మయ్య, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"కరెంటోళ్లు నంబరు కిందికి మార్చి రాసిండ్రేమో," అన్నాడు వీరేందర్. అన్నాడు గాని, ఆ గొంతులో మునుపటి మెత్తదనం లేదు.

తహసీల్దారు కాలి కింద పోసిన ఎర్రమట్టిని ఒకసారి చూసి, దూరంగా ఆగి ఉన్న జేసీబీని చేత్తో పిలిచింది. "మీ బండే కదా? మీ డ్రైవరే తవ్వుతాడు. ఫొటోలో నీళ్లున్న చోట."

మూడు తొట్లు ఎర్రమట్టి పైకొచ్చింది. నాలుగో తొట్టికి రంగు మారింది. నల్లటి ఇసుక, నున్నటి గులకరాళ్లు, వాటితోపాటు నత్తగుల్లలు. గుంత అడుగున మెల్లగా తేమ ఊరింది. కుర్మయ్య వంగి, ఆ ఇసుకను పిడికెడు తీసి వీరేందర్ ముందు చాపాడు.

"సూడు పటేలా. గిది గూడ గీ అక్క కంప్యూటర్ల పుట్టించిందేనా?"

తహసీల్దారు అక్కడే నిలబడి పంచనామా రాయించింది. పనులు ఆనాటి నుంచే ఆపాలి. పదిహేను రోజుల్లో, వెంచరు వాళ్లే, నక్షాలోని గీత వెంట మట్టి మొత్తం ఎత్తివేయాలి. సంతకాలయ్యాక ఆమె దుర్గాబాయి వైపు తిరిగింది.

"ఫైలుకు ఒక ఫొటో కావాలి. ఆ అమ్మాయి స్తంభం పక్కనే ఉండాలి, గుంత కూడా కనబడాలి. మీరు తీస్తారా?"

దుర్గాబాయి సంచిలోంచి పాత కెమెరా తీసి, ఎండను వెనకకు పెట్టుకుని నిలబడింది. అద్దంలోంచి చూస్తే భవిత, ఎర్ర నంబరు, నల్ల ఇసుక గుంత సరిగ్గా అమరాయి. వాటి వెనుక ఆకాశానికి అడ్డంగా వెంచరు పెద్ద బోర్డు, దాని మీద నవ్వుతున్న కుటుంబం, పచ్చని గడ్డి.

వీరేందర్ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, మా బోర్డు రాకుండ తియ్యరాదు? వచ్చినా తర్వాత తుడిచెయ్యి. నీకు తెల్సిన పనే గద."

"తెల్సు," అంది దుర్గాబాయి, కన్ను తిప్పకుండా. "ఎంత మంచిగ తుడుస్తనో నీకు గూడ తెల్సు. గందుకే తుడవ."

ఒక అడుగు ఎడమకు జరిగింది. బోర్డు మీది అక్షరాలన్నీ చట్రంలోకి వచ్చాక బటన్ నొక్కింది.