డబ్బాల మీది సర్కారు స్టిక్కర్లు

"ఎవలు గీకమన్నరు అత్తమ్మా? నిన్నెవలన్న గీకమన్నరా?"

"ఒకలు జెప్పాల్నా? నాకు కండ్లు లేవా? డబ్బా మీద రంగున్నది, పేరున్నది. మల్ల దాని మీద ఇంకో కాగితమెందుకు? ఏదో దాస్తేనే గదా మీదికెళ్ళి అంటిస్తరు!"

"డేటు అడుగుకున్నది! డబ్బ తిప్పి సూడు!"

"అడుగున రాసింది ఎవడు సూస్తడు? ఎవలు సూడొద్దనే ఆడ రాసిండ్రు."

"నీకు దండం వెడ్త అత్తమ్మా. అది డేటు దాసిన కాగితం గాదు, సర్కారుది. పన్ను గట్టినట్టు గుర్తు. అది లేకుంటే నేను దొంగమాలు అమ్ముతున్నట్టే!"

అల్లుడు నాతో గొంతు పెంచి మాట్లాడినవాడు కాదు. ఆ మధ్యాహ్నం రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకుని, నేను గీకిన చోటు చూస్తూ అరిచాడు. నేను తడిగుడ్డ పక్కన పెట్టలేదు. తప్పు నాదని అప్పటికింకా ఒప్పుకోలేదు.

ఒమాన్‌లోని ఖబూరా బజారులో అల్లుడు నడిపే దుకాణం చిన్నది. కింద దుకాణం, మీద రెండు గదులు. నా బిడ్డ క్లినిక్‌లో డ్యూటీకి తిరిగి వెళ్ళవలసి వచ్చి, పది నెలల పాపను చూసుకోవడానికి నన్ను పిలిపించింది. ఇక్కడ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా దుకాణాలన్నీ మూస్తారు. పాప పడుకుంది. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు. కిందికి దిగి అరలు తుడుస్తుంటే, పొద్దున కంపెనీ వ్యాను దించిపోయిన మూడు కేసుల సోడా డబ్బాలు కనిపించాయి. ప్రతి డబ్బా మీద వేలెడంత కాగితం అంటించి ఉంది.

ఆ వ్యానువాడి మీద నాకు పొద్దుటి నుంచే అనుమానం. కేసులు దించేటప్పుడు అవసరం లేకుండా నవ్వాడు. పైగా మా ఊళ్ళో కిరాణావాడు చేసే పని నాకు తెలుసు. పాత ధర మీద కొత్త ధర కాగితం అంటిస్తాడు. ఒకసారి చంటిపిల్లల పాలపొడి డబ్బా మీద కాగితం గీకి చూస్తే, తేదీ దాటి నాలుగు నెలలైంది. అప్పటికే ఆ పాలు తాగి నా కొడుకు వారం రోజులు విరేచనాలతో పడుకున్నాడు. అప్పటి నుంచి మీద కాగితం అంటించిన వస్తువును గీకకుండా ఇంట్లోకి రానివ్వను. ఇక్కడా అదే చేశాను. మూడో కేసు సగానికి వచ్చేసరికి అల్లుడు దిగివచ్చాడు.

సంగతి ఏమిటో అల్లుడు కూర్చుని చెప్పాడు. సిగరెట్లు, తీపి సోడాలు ఒంటికి మంచివి కావని ఇక్కడి సర్కారు వాటి మీద వేరే పన్ను వేసింది. పన్ను కట్టిన సరుకుకు ఆ స్టిక్కరు ఉంటుంది. తనిఖీవాళ్ళు ఫోను దగ్గర పెడితే అది అసలుదో కాదో తెలిసిపోతుంది. ఒంటికి మంచిది కాకపోతే అమ్మనివ్వడం ఎందుకు, అమ్మనిచ్చి పన్ను వసూలు చేయడం ఎందుకు అని నేనడిగాను.

"ఈ వారం తనిఖీవోళ్ళు మన బజార్లనే తిరుగుతున్నరు అత్తమ్మా. నిన్న చేపల మార్కెట్ దిక్కు అయిపోయింది. రేపో ఎల్లుండో ఈడికొస్తరు. కాగితాలన్నీ అర్బాబు పేరు మీదున్నయి. ఆయన పేరు చెడిపోతే ఆయన ఊకోడు. దుకాణం మూసి, నా వీసా గొట్టేసి పంపిస్తడు."

దుకాణం లైసెన్సు ఎవరి పేరున ఉంటుందో ఆ ఒమానీ యజమానిని మావాళ్ళు అర్బాబు అంటారు. పదకొండేళ్ళుగా అల్లుడు పెట్టుకున్నది ఆ ఒక్క దుకాణమే. నా గోటితో అది పోయేలా ఉందని అప్పుడు అర్థమైంది.

గీకిన ముక్కలు నేను పారేయలేదు. జిగురున్న కాగితం దేనికైనా పనికొస్తుందని ఖాళీ బిస్కట్ల అట్టపెట్టె మీద వరసగా అంటించి పెట్టాను. వాటిని మళ్ళీ డబ్బాలకు అంటిద్దామని అల్లుడు గమ్ము సీసా తెచ్చాడు. ఒక్కటీ నిండుగా లేదు. సగం డబ్బాకు ఉండిపోయింది, సగం నా గోటికి వచ్చింది.

"అయితే మీదికి తీస్క పోదాం," అన్నాడు. "మంచం కింద వెట్టి దుప్పటి కప్పుదాం. నువ్వెవలకు చెప్పకు. ఎవలకు ఎర్కయితది?"

"ఎదురుంగ సెలూనోనికి ఎర్కయితది. నేను గీకుతుంటే, దుకాణం మూసుకోని లోపల్నే కూసుండి అద్దం తలుపుల నుంచి సూసుకుంటనే ఉన్నడు."

"వాడేమనడు అత్తమ్మా, మంచోడు."

"మంచోడైతే గంటసేపు సూసుకుంట కూసుంటడా? వచ్చి ఏందవ్వా గీకుతున్నవని అడగడా?"

మా నాయన కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవాడు. అప్పటికి దేశం కొత్తగా మనదైంది. మన సర్కారే వచ్చింది కదా, ఇంక చెట్టుకు పన్నెందుకని మా వాడలో అనుకునేవాళ్ళట. పన్ను పోలేదు. అబ్కారీవాళ్ళు వచ్చి, పన్ను కట్టిన చెట్టుకల్లా బెరడు చెక్కి నంబరు వేసేవాళ్ళు. నంబరు లేని చెట్టు గీస్తే దొంగకల్లు. ఒక ఏడు మా చెట్టు ఒకదానికి నంబరు చెరిగిపోయింది. అబ్కారీ జవాను చూసి, "ఈ చెట్టు నాకెర్కే, ఎవలకు చెప్పకు, నేను సూస్కుంట" అన్నాడు. రోజూ ఒక ముంత తాగిపోయాడు. నాయన నమ్మాడు. రెండు నెలలకు అదే జవాను పై అధికారిని వెంటబెట్టుకొచ్చి ఆ చెట్టు చూపించాడు. కుండలు పగలగొట్టి నాయనను తీసుకుపోయారు. ఎవరికీ చెప్పకు అనే మాట ఎవరి నోట విన్నా నాకు నమ్మకం కుదరదు. అల్లుడి నోట విన్నా అంతే.

బిడ్డ డ్యూటీ దిగి వచ్చేసరికి దాచుదామని అల్లుడు, అర్బాబుకే చెబుదామని నేను ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నాం. అంతా విని, "అమ్మా, నీకు సల్లగ కూసునుడు రాదా?" అంది. తరువాత నా మాటే నిలబెట్టింది. తనిఖీవాళ్ళకంటే ముందు అర్బాబుకు తెలియాలని తనే ఫోను చేసింది.

అర్బాబు సాయంత్రం నమాజు ముగించుకుని వచ్చాడు. తెల్లని పొడుగు అంగీ, తల మీద పూలకుట్టు టోపీ. ఆయన హిందీ మాట్లాడతాడు. బిడ్డ నాకు తెలుగులో చెబుతోంది. కేసులు చూశాడు, డబ్బా ఎత్తి చూశాడు, అల్లుడిని చూశాడు.

"స్టిక్కర్లు లేని సరుకు చవగ్గ కొన్నవా? అట్ల గొని, ముసలామె మీద పెడుతున్నవా? అంటున్నడు," అని బిడ్డ చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. ఇంతసేపూ నేను అందరినీ అనుమానించాను. ఆయన అనుమానించింది ఏ తప్పూ చేయని వాడిని.

"నేనే గీకిన అని జెప్పు."

"జెప్పిన. ఏ ముసలామె అయినా కూసుండి ఇన్ని డబ్బాలు గీకుతదా అంటున్నడు."

అట్టపెట్టె చూపించాను. చింపిరి ముక్కలు ఎవరైనా అంటించవచ్చన్నాడట. ఇంక చెప్పి లాభం లేదని ఫ్రిజ్ తెరిచి, స్టిక్కరున్న మంచి డబ్బా ఒకటి తీశాను.

"అత్తమ్మా, వద్దు!" అని అల్లుడు లేచాడు.

తడిగుడ్డతో ఒకసారి రుద్ది, బొటనగోరు పెట్టి లాగాను. సగం డబ్బాకు, సగం గోటికి. గోటి మీది ముక్కను అట్టపెట్టె మీద మిగతావాటి పక్కన అంటించి అర్బాబు ముందు పెట్టాను. పాత ముక్కలూ, కొత్తదీ ఒకే తీరుగా చిరిగి ఉన్నాయి.

ఆయన అట్టపెట్టెను దగ్గరికి లాక్కుని చూశాడు. నవ్వలేదు. వ్యానువాడు ఇచ్చిన బిల్లు అడిగి ఫోటో తీసుకున్నాడు, కంపెనీకి ఫోను చేసి అరబ్బీలో మాట్లాడాడు. కేసులు కదపొద్దని, తెల్లారి తనే వస్తానని చెప్పి వెళ్ళాడు. కదపొద్దని ఎందుకన్నాడో నాకు తోచలేదు. అల్లుడిని తనిఖీవాళ్ళకు పట్టిచ్చి తను బయటపడతాడేమోనని బిడ్డతో అన్నాను. ఆమె పాపకు అన్నం కలిపింది.

మరునాడు ఎనిమిదింటికి అర్బాబు వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చున్నాడు. పదింటికి తనిఖీవాళ్ళు వచ్చారు. ఒక మగమనిషి, నల్లబురఖా వేసుకున్న ఒక ఆడమనిషి. వాళ్ళు అడగక ముందే అర్బాబు మూడు కేసులూ, తన ముందు నేను గీకిన డబ్బా, అట్టపెట్టె, బిల్లు ముందు పెట్టి జరిగింది చెప్పాడు. నేను పాపను ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డాను. ఆడమనిషి తలెత్తి నన్నొకసారి చూసి, ఫ్రిజ్‌లోని డబ్బాలకు ఒక్కొక్కదానికీ ఫోను పెట్టింది. అన్నీ సరిగా ఉన్నాయి. మగమనిషి జరిగిందంతా ఒక కాగితం మీద రాశాడు, అర్బాబు సంతకం పెట్టాడు. గీకిన డబ్బాలన్నీ వాళ్ళు బండిలో వేసుకుని పోయారు. దుకాణం మూయలేదు. అల్లుడి వీసా మాట ఎవరూ ఎత్తలేదు.

వెళ్తూ వెళ్తూ అర్బాబు అల్లుడితో హిందీలో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగాను.

"నిన్ను దుకాణంలకు రానీయొద్దన్నడు," అన్నాడు అల్లుడు.

నేను పాపను తీసుకుని మీదికి వెళ్ళాను.